చదవకుండా వదిలిన రెండు పంక్తులు

ఆ డబ్బా మీద అడుగున రెండు పంక్తులు ఉన్నాయి. నేను వాటిని చూశాను. చదివి వినిపించలేదు. ఆయన కౌంటరుకు అటు పక్క, తల కొంచెం వంచి, కుడి చెవి నా వైపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. నేను ఏది చదివితే అదే ఆయనకు ఆ డబ్బా మీద ఉన్నట్టు. నేను మరచిపోలేదు, ఎవరూ నన్ను ఆపలేదు. ఈ మాట ముందు చెప్పకుండా ఆయన గురించి ఏం రాసినా అబద్ధమే అవుతుంది.

ఆయన పోయి నెల దాటింది. నిమ్ము చేసి, జ్వరం తగ్గక పోయాడు. పదో రోజు భోజనాల దగ్గర నా పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి పప్పు కలుపుకుంటూ, "గుండెకి మిషను ఏయించుకున్నోడు మాత్రలు మానీకూడదు కదా. అప్పుడూ అలగే మానీసి పడిపోనాడు," అన్నాడు. కాదని నేను అక్కడే చెప్పాను. ఆయన సగం విని, పెరుగు వడ్డించే అతన్ని పిలిచాడు. ఇలా ఒక్కొక్క విస్తరి దగ్గరా చెప్పుకుంటూ పోతే తెమిలే పని కాదనిపించింది. అందుకే రాస్తున్నాను.

పేరు రాయడం లేదు, ఇంట్లోవాళ్ళు వద్దన్నారు. నాకు ఆయన మావ. వరసేమీ లేదు. మాది నరసన్నపేటలో మందుల షాపు. ఆయన మా వీధి చివరి బియ్యం మిల్లులో బస్తాలు మోసే కళాసీ. మా నాన్నను సావుకారూ అనేవాడు, నన్ను నిక్కర్లు వేసుకునే వయసు నుంచీ అల్లుడూ అనేవాడు. నా బొజ్జ పెరిగాక పిలుపులో కొంచెం మార్పు వచ్చింది. "ఏటి అల్లుడూ, నువ్వెనకాల ఉండిపోనావు, పొట్ట ముందొచ్చీసినాది?" అని వీధిలో అందరూ వినేలా అడిగేవాడు.

చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం ఆయన గుండె కవాటాన్ని తినేసిందట. నలభయ్యో ఏట బస్తా దించి ఊపిరి అందక కూలబడేదాకా ఎవరికీ తెలియదు. విశాఖపట్నంలో ప్రభుత్వ కార్డు మీద ఆపరేషను చేసి లోహపు కవాటం వేశారు. ఇక బస్తా ముట్టుకోవద్దన్నారు. మిల్లు యజమాని మంచివాడు, కాటా దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. మావకు ఆ కుర్చీ అంటే ఒళ్ళుమంట. "ఇరవయ్యేళ్ళు బస్తాలు నాను మోసినాను. ఇప్పుడు నన్నే బస్తాలాగ తెచ్చి ఇక్కడ దించినారు," అనేవాడు.

కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడు ఆయన పక్కన కూర్చుంటే టిక్కు టిక్కుమని సన్నగా వినిపించేది. మా పిల్లలు ఆయన చొక్కాకు చెవి ఆనించి, లోపల ఏముందని అడిగేవారు. "లోన టైలరు ఉన్నాడు. పండక్కి మీ నాన్న లాగూ ఎడల్పు సేస్తన్నాడు," అనేవాడు.

లోహపు కవాటం ఉన్నవాళ్ళు రక్తం పలచగా ఉంచే మాత్ర జీవితాంతం వేసుకోవాలి. నెలకోసారి రక్తపరీక్ష చేసి ఒక అంకె చెబుతారు. మావకు అది రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలన్నారు. తగ్గితే కవాటం మీద రక్తం గడ్డకట్టవచ్చు, పెరిగితే ఎక్కడైనా కారిపోవచ్చు. పరీక్ష అయిన రోజు వీధిలో అందరూ "నంబరెంతొచ్చినాది?" అని పిల్లల మార్కులు అడిగినట్టు అడిగేవారు. మూడు వస్తే ఆయన నడకే మారిపోయేది.

ఆ అంకె కోసం ఆయన బతుకంతా ఒక పద్ధతిలో పెట్టుకున్నాడు. సాయంత్రం ఆరింటికి మాత్ర. ఖాళీ అయిన అట్టలు పారేసేవాడు కాదు, తీగకు గుచ్చి దూలానికి వేలాడదీసేవాడు. ఆకుకూర హెచ్చుతగ్గులైతే ఆ అంకె కదులుతుందని రోజూ పిడికెడు తినేవాడు. మానేసేవాడు కాదు, పెంచేవాడూ కాదు. పెళ్ళి భోజనంలో తోటకూర వడ్డించబోతే చేయి అడ్డం పెట్టి, "మా ఇంటికాడ అయిపోనాది నేటి కోటా," అనేవాడు. ఒళ్ళు నొప్పులంటే నేను ఇచ్చే మామూలు నొప్పి బిళ్ళ ముట్టేవాడు కాదు. డాక్టరు చీటీ మీద రాస్తేనే. గడ్డం గీసుకునే బ్లేడు వదిలేసి, మంగలి దగ్గర మిషనుతో గీయించుకునేవాడు. తెగితే ఆగదని భయం. భయం అని మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు. "జాగర్తకి భయానికి తేడా తెల్దేటి నీకు?" అని నా మీదికి వచ్చేవాడు.

మా ఊళ్ళో వ్యాయామశాలను తాలింఖానా అంటారు. మావ కుర్రతనం అంతా అక్కడే గడిచింది. ఆపరేషను అయిన ఏడాదికి డాక్టరు ముందు కూర్చుని, ఏ బరువు ఎత్తవచ్చో, ఏది కూడదో ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుని మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాడు. తేలికపాటి డంబెళ్ళు, చిన్న చిన్న గుంజీలు, నడక. ఛాతీ మీద పడే ప్రమాదమున్న బరువులు వద్దు, కుస్తీ వద్దు. అన్నిటికన్నా ముఖ్యంగా ఊపిరి బిగపట్టకూడదు.

ఊపిరి బిగపట్టడం లేదని తనకు తెలియడానికి ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎత్తుతున్నంతసేపూ మాట్లాడేవాడు. మాట ఆగితే బరువు దించేయాలి. అది ఆయన చట్టం. అందువల్ల తెల్లవారే తాలింఖానాలో మిల్లు కబుర్లన్నీ మాకు డంబెల్ లెక్కన వచ్చేవి.

"మా ఓనరు బామ్మర్ది కొత్త కారు కొన్నాడర్రా" అని ఒకసారి పైకి. "నడపడం రాదు" అని కిందికి. "డ్రైవర్ని ఎట్టుకోమంటే" పైకి. "డ్రైవరుకీ రాదు" కిందికి.

నవ్వి నవ్వి పక్కవాళ్ళే బరువులు దించేసేవారు. నేనూ ఆ రోజుల్లో పొట్ట తగ్గించుకుందామని వెళ్ళేవాణ్ణి. తగ్గలేదు గాని ఆయన కబుర్లకు అలవాటుపడ్డాను.

అప్పుడే మా పక్కకు ప్రోటీను పౌడర్ల డబ్బాలు రావడం మొదలైంది. నేనూ షాపులో ఒక అరమర ఖాళీ చేసి పెట్టాను. మావ మొదటి డబ్బా కొనే ముందు దాని ఫోటో ఫోనులో తీయించుకుని శ్రీకాకుళం వెళ్ళి డాక్టరుకు చూపించాడు. "ఉత్త ప్రోటీను అయితే ఫరవాలేదు, రోజూ ఒకే కొలత వేసుకో, మూలికలవీ, కొవ్వు కరిగించేవీ, ఎత్తే ముందు హుషారుకు తాగేవీ ముట్టుకోవద్దు, ఏ డబ్బా మారినా ముందు నాకు చెప్పి, వారంలో పరీక్ష చేయించు," అన్నాడట డాక్టరు. మావ నాతో ఒప్పందం చేసుకున్నాడు. "అల్లుడూ, నువ్వు సదువు. పై నించి కింది దాకా సదువు. నానింటాను." పాత రకమే కొన్నా సరే, ప్రతి డబ్బా చదివించుకునేవాడు. మధ్యలో ఎవరైనా వచ్చి దగ్గు మందు అడిగితే, "ఉండవయ్యా, మా అల్లుడు పారాయణం సేస్తన్నాడు," అనేవాడు. రెండేళ్ళు ఇలా సాగింది. ఆయన నంబరు కదలలేదు.

రెండువేల పదిహేను వానాకాలం. పాత రకం డబ్బా స్టాకు రాలేదు. కొత్తది ఒకటి వచ్చింది, పెద్ద అక్షరాలు, కండల మనిషి బొమ్మ. అది పెట్టించిన కంపెనీ మనిషి ఆ రోజు షాపులోనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కౌంటరు దగ్గర ఇంకో ముగ్గురు నలుగురు ఆ డబ్బానే చూస్తున్నారు. మావ వచ్చి, చదవమన్నాడు. ప్రోటీను చదివాను, పిండిపదార్థం చదివాను, కాల్షియం చదివాను. చివర విటమిన్ల వరసలో కె అని ఉంది. దాని కింద, రక్తం పలచబరిచే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా తీసుకోరాదు అని ఉంది.

నాకు ఫార్మసీ డిప్లొమా ఉంది. షాపు గోడకు ఫ్రేము కట్టించి పెట్టాను. విటమిన్ కె ఆ మాత్రకు ఎదురు పనిచేస్తుందని నాకు తెలుసు. అంతమంది ముందు ఆ హెచ్చరిక పైకి చదివితే చూస్తున్నవాళ్ళు వెనక్కి తగ్గుతారని, కంపెనీ మనిషి ముఖం మాడ్చుకుంటాడని అనుకున్నాను. ఎంత ఉంటుందిలే, చిటికెడు ఉంటుందేమో అని కూడా అనుకున్నాను. చదవడం ఆపేసి డబ్బా సంచిలో వేశాను.

మావ సంచి అందుకుని ఆగాడు. "కొత్త డబ్బా కదా. డాట్రుకి సెప్పి టెస్టు సేయించాలేటి?"

"అదే పౌడరు మావా. డబ్బా మారింది, అంతే," అన్నాను.

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. ఆయన డాక్టరుకు చెప్పలేదు, పరీక్షకు వెళ్ళలేదు. నేను వద్దన్నట్టేగా మరి.

మూడు వారాలు తిరిగాయో లేదో, ఒక ఉదయం తాలింఖానాలో డంబెళ్ళు ఎత్తుతూ కాటా దగ్గర జరిగిన తగువు చెబుతున్నాడు. మధ్యలో మాట ముద్దగా వచ్చింది. అందరూ నవ్వారు, ఎవరినో వెక్కిరిస్తున్నాడనుకున్నారు. ఆయన మాట ఆపేశాడు. ఆగిన వెంటనే బరువులు నెమ్మదిగా కింద పెట్టాడు, తన చట్టం తప్పకుండా. తర్వాత నా వైపు చూశాడు. మూతి ఒక పక్కకు జారి ఉంది.

అంబులెన్సులో శ్రీకాకుళం తీసుకెళ్ళాం. నంబరు బాగా పడిపోయింది. కవాటం మీద గడ్డ కట్టి, చిన్న ముక్క మెదడుకు వెళ్ళిందన్నారు. సూదిమందులు ఇచ్చారు, మనిషి దక్కాడు. రెండు రోజులకు మాట తిరిగి వచ్చింది కాని పూర్తిగా కాదు. కొన్ని మాటల దగ్గర తడబడి, వెతుక్కుని, మళ్ళీ పట్టుకునేవాడు. ఆ తడబాటు చివరిదాకా ఉండిపోయింది.

డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, మాత్రలు ఎన్నాళ్ళు మానేశావు అని. మానలేదన్నాడు. ఏదైనా కొత్తది తిన్నావా అని అడిగితే లేదన్నాడు. అదే పౌడరని నేను చెప్పాను కదా. అప్పుడు మావ భార్య, నేను అత్తా అని పిలిచే ఆవిడ, ఇంటికి వెళ్ళి తీగతో సహా ఖాళీ అట్టలు తెచ్చి మంచం మీద పరిచింది. డాక్టరు వాటిని చూసి, "మాత్ర పారేసినా అట్ట ఖాళీ అవుతుందమ్మా," అన్నాడు. కాగితంలో, మందులు క్రమంగా వాడని రోగి అని రాశాడు. నేను గోడకు ఆనుకుని అక్కడే ఉన్నాను. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్ళీ రాదు. నోరు విప్పలేదు.

ఆ మాట ఆయన కంటే ముందు ఊరికి వచ్చింది. అత్త కూడా నమ్మేసింది. "నాలిక కింద దాసీసి నా ఎనకాల ఊసీసినావేటి? నిజం సెప్పు," అని ఏడుస్తూ అడిగిందట. తాలింఖానా పెద్ద వస్తాదు, మావతో కలిసి కసరత్తు నేర్చినవాడే, ఇంటికి వచ్చి, "నువ్వు మాత్రలు మానీసి ఇక్కడ పడిపోతే మా పీకలమీదికొస్తాది బావా. ఇంక రాకు," అని చెప్పి వెళ్ళాడు.

మావకు రోగం కన్నా ఈ మాట పెద్దదైపోయింది. కాస్త నడవగలిగిన రోజునే నా షాపుకు వచ్చాడు. సాయంత్రం, జనం ఉన్నారు. కావాలనే ఆ వేళకు వచ్చాడు.

"అల్లుడూ, నువ్వు సెప్పు ఈల్లకి. నెల నెలా మాత్రలు... మాత్రలు నీకాడే కదా కొన్నాను?"

"కొన్నావు మావా."

"మానీసినానా?"

అందరూ నన్ను చూస్తున్నారు. "కొన్నావు. వేసుకున్నావో లేదో నాకేం తెలుసు?" అన్నాను.

ఎవరో నవ్వారు. మావ నవ్వలేదు, కోప్పడలేదు. "నిజవే. నువ్వు సూడనేదు," అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఆరు గంటలకు వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు. చేతిలో మాత్ర, ఇంకో చేతిలో స్టీలు గ్లాసు. "సూడు," అన్నాడు. మాత్ర నాలుక మీద పెట్టుకుని నీళ్ళు తాగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించాడు. "రేపెవలైనా అడిగితే తెలుసని సెప్పు." వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి రోజూ వచ్చాడు. వానలో గొడుగు వేసుకుని వచ్చాడు. నేను లెక్క రాసుకుంటున్నా, ఫోనులో ఉన్నా, తల ఎత్తేదాకా నిలబడేవాడు. వీధివాళ్ళకు అది వేడుక అయింది. పక్క చెప్పుల షాపతను, "ఆరైపోనాది, నోరు తెరిసే టైము," అనేవాడు. మావ అతని వైపూ నోరు తెరిచి, "నువ్వూ సూడు, ఊరికే వస్తాది," అనేవాడు. పౌడరు మళ్ళీ కొనలేదు. అన్ని డబ్బాలూ మానేయమని డాక్టరు చెప్పాడట. ఏదీ చదవమని నన్ను అడగనూ లేదు. సుమారు ఏడాది నేను ప్రతి సాయంత్రం ఆయన నాలుక కిందికి చూశాను. నాకు ఆ అయిదు నిమిషాలు తప్ప రోజులో ఇంకేదీ గుర్తుండేది కాదు.

ఒక రోజు మా బంధువుల నిశ్చితార్థానికి విజయనగరం వెళ్ళాను. షాపు కట్టేసి వెళ్ళాను, మావకు చెప్పలేదు. బస్సు దిగి వచ్చేసరికి ఎనిమిదయింది. మా షాపు మెట్ల మీద మావ కూర్చుని ఉన్నాడు. గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి. మాత్ర పిడికిట్లో పట్టుకుని ఉండడం వల్ల చెమటకు అంచులు కరిగాయి.

"ఏంటి మావా, ఇంకా వేసుకోలేదా?"

"సాచ్చి నేకండా ఏసుకుంటే ఎవులు నమ్ముతారు?"

ఐదేళ్ళలో ఆయన మాత్ర వేళ తప్పడం అదే మొదటిసారి. తప్పించినవాణ్ణి నేను. ఆ మెట్ల మీదే కూర్చుని అన్నీ చెప్పేశాను. కె సంగతి, కింది పంక్తి సంగతి, కుర్చీలో కంపెనీ మనిషి, అదే పౌడరని నేనన్న మాట. ఆసుపత్రిలో గోడకు ఆనుకుని ఊరుకోవడం కూడా.

ఆయన ముందు మాత్ర వేసుకున్నాడు. నోరు తెరిచి చూపించలేదు. నేను ఏడుపు గొంతుతో ఏదో అనబోయాను.

"ఏడవకు. నీ ఏడుపు నాకెందుకు?" అన్నాడు. మళ్ళీ, ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ అన్నాడు. "ఏడాది నుంచి మీ అత్త... నాను మాత్ర మింగుతంటే నా పీక సూస్తాది. దిగిందా నేదా అని. అది తెల్సా నీకు?"

తెలియదన్నాను.

"నాకు రొండు పనులు సెయ్యాల. డాట్రు రాసింది డాట్రే కొట్టీయాల. తాలింఖానాకి నాను మల్లీ ఎల్లాల. ఎలగ సేస్తావో సెయ్యి."

మర్నాడే శ్రీకాకుళం వెళ్ళాం, ముగ్గురం. ఆ ఖాళీ డబ్బాలో అత్త ఎండుమిరపకాయలు పోసుకుంటోంది. అవి పళ్ళెంలోకి వంపి డబ్బా ఒడిలో పెట్టుకుని బస్సెక్కింది. దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. డాక్టరు డబ్బా తిప్పి చదివాడు, నన్ను ఫార్మసిస్టువేనా అని అడిగాడు, అవునన్నాను. "దీనివల్లే అయిందని నేను కచ్చితంగా చెప్పలేను," అని మావతో అన్నాడు. "కాని నువ్వు మందులు మానేశావని రాయడానికి నా దగ్గర ఆధారం లేదు. రాసి ఉండకూడదు." పాత కాగితం తీయించి ఆ మాట కొట్టేసి, పక్కన సంతకం పెట్టాడు. కసరత్తుకు మళ్ళీ అనుమతి ఇచ్చాడు, ఇంకా తేలిక బరువులతో, రెండు వారాలకోసారి పరీక్షతో. బయటికి వచ్చాక అత్త మావ చెయ్యి పట్టుకుంది. ఆ ఇద్దరి వెనక నేను చాలా దూరంగా నడిచాను.

ఆదివారం ఉదయం తాలింఖానాకు వెళ్ళాం. పాతిక మందిదాకా ఉన్నారు. మావ గుమ్మం అవతలే ఆగిపోయాడు, రమ్మంటే గాని రానని. పెద్ద వస్తాదు తుండు భుజాన వేసుకుని వచ్చి, "ఏటి సావుకారూ, ఇలగొచ్చినారు?" అని అడిగాడు.

రాత్రంతా అనుకుని పెట్టుకున్న మాటలు ఉన్నాయి. మొదలుపెట్టాను. "గత సంవత్సరం జరిగిన సంఘటనలో సమాచార లోపం కారణంగా ఒక పొరపాటు జరిగిందని..."

గుమ్మం దగ్గర నుంచి మావ గొంతు వచ్చింది. "ఈడేటి రేడియోలాగ సదువుతన్నాడు? పొరపాటు... పొరపాటు దానంతటదే జరుగుతాదేటి? ఎవుడు సేసినాడో సెప్పు."

కొందరు నవ్వారు. నవ్వు ఆగేదాకా నిలబడ్డాను. తర్వాత గుమ్మం వైపు తిరిగాను.

"నేనే చేశాను. డబ్బా మీద రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా తినకూడదని రాసి ఉంది. నేను చూశాను, చదవలేదు. టెస్టు చేయించాలా అని మావ అడిగితే, అదే పౌడరని అబద్ధం చెప్పాను. మావ ఒక్క పూట మాత్ర మానలేదు. అది నాకు తెలిసి కూడా, మీ అందరి ముందూ తెలియదన్నాను. ఆయన నోరు తెరిచి చూపిస్తుంటే ఏడాదిపాటు చూస్తూ కూర్చున్నాను. తప్పయిపోనాది మావా. నీ మాట నిజం. నాదే అబద్ధం."

పెద్ద వస్తాదు గుమ్మం దాకా వెళ్ళి, "రా బావా," అన్నాడు.